ఆల్డెన్ విల్లా ముందు గుమ్మమూ, మన శశికళ గారూ

1997 ఆగస్టు 11వ తేదీ, సోమవారం నాడు శ్రీమతి శశికళ గారు ఫ్రీమాంట్‌లోని మన వారసత్వ కట్టడాల పరిరక్షణ కార్యాలయంలో సహాయ ఆర్కిటెక్టుగా పదవీ బాధ్యతలు స్వీకరించారు. నాటి నుండి ఈ నెలాఖరున విరమణ పొందబోయే దినం వరకు, శిథిలమవుతున్న గృహాలను నిలబెట్టడమే వృత్తిగా, వాటిలోకి మనుషులు మళ్ళీ నడిచివచ్చేలా చేయడమే వ్రతంగా సాగిన వారి ప్రస్థానాన్ని నాలుగు మాటల్లో రాయమని నాకు ఆదేశమైంది. నాలుగు మాటలతో ఆగడం నా వల్ల కాదని ఆదేశించినవారికి ముందే తెలుసు.

ఆదేశించినవారు మన సంస్థ వ్యవస్థాపకులు శ్రీ వీరభద్రరావు గారు. ఈ అభినందన సంచికలో తక్కిన వ్యాసాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. "ఇంగ్లీష్‌లో అందరూ ఎలాగూ పొగుడుతారు దివాకర్. నువ్వు తెలుగులో జరిగింది రాయి" అన్నారాయన. శశికళ గారి ఎదురు బల్ల దగ్గర పాతికేళ్ళకు పైగా కూర్చున్నవాడిని కనుక ఆ అర్హత నాకు ఉందనే అనుకుంటున్నాను.

జరిగినదాంట్లో ముఖ్యమైనది ముందే చెబుతాను. శశికళ గారు ఈ పదవీ విరమణను రెండుసార్లు వాయిదా వేశారు. మొదటిసారి మేము కేకు కూడా ఆర్డర్ చేశాం. కారణం ఉద్యోగం మీద మమకారం కాదు, ఆల్డెన్ విల్లా ముందు గుమ్మం. చక్రాల కుర్చీకే పరిమితమైన వీరభద్రరావు గారిని ఆ గుమ్మం గుండా లోపలికి తీసుకువెళ్ళేదాకా తాను ఇంటికి పోనని ఆమె పట్టుబట్టారు. ఆ పట్టు ఎందుకు పట్టారో, ఎలా నెగ్గారో చెప్పాలంటే మొదటి నుంచీ రావాలి.

శశికళ గారు హైదరాబాదులో ఆర్కిటెక్చర్ చదివారు. భర్త రాజీవ్ గారి ఉద్యోగం వెంట ఈ దేశం వచ్చి, ఇక్కడి లైసెన్సు పరీక్షలు ఒక్కొక్కటిగా ముగించుకుని మన గుమ్మం తొక్కారు. ఇంటర్వ్యూలో వీరభద్రరావు గారు అడిగిన ప్రశ్న ఒక్కటే అని చెబుతారు.

"పాత ఇళ్ళతో పనమ్మా. ఎలకలు, చెదలు, బూజు. భయం లేదు కదా?"

"కొత్త ఇళ్ళంటేనే నాకు భయం సర్" అన్నారట ఈవిడ.

ఆ భయం నేటికీ పోలేదు. కుమార్తె గీతాంజలి ఫ్రిస్కోలో ఇల్లు కొనుక్కుని తల్లిని ఆహ్వానిస్తే, లోపల అడుగుపెట్టిన ఐదు నిమిషాలకే గోడ మీద వేలి కణుపుతో కొట్టి "అట్టపెట్టె" అని తీర్పు చెప్పి వచ్చిన తల్లి ఈవిడే. ఆ అమ్మాయి పెద్ద మనసు కలది, మరుసటి పండగకు మళ్ళీ పిలిచింది.

చేరిన మొదటి సంవత్సరంలోనే శశికళ గారి చేతికి ఆల్డెన్ విల్లా వచ్చింది. మన కార్యాలయంలో ఆ ఇంటిని ఎరుగనివారు లేరు. ఈ సంచిక చదివే బంధుమిత్రుల కోసం దానిని కొంత వర్ణించడం నా ధర్మం. పంతొమ్మిదవ శతాబ్దం చివర, ఆప్రికాట్ తోటలతో కలిసివచ్చిన ఆల్డెన్ అనే వర్తకుడు కొండల పాదాన కట్టుకున్న విక్టోరియన్ భవనం అది. ఆసాంతం రెడ్‌వుడ్ కలప. ఒక మూల గుండ్రని బురుజు, దాని నెత్తిన కోసుదేరిన కప్పు. ఇంటిని మూడు వైపులా చుట్టివచ్చే వరండా, ఆ వరండా స్తంభాల నడుమ లేసు అల్లినట్టు చెక్కిన నగిషీ. గోడల పై భాగాన చేప పొలుసుల్లా పేర్చిన చెక్క బిళ్ళలు. గోడను దాటి ముందుకు పొడుచుకువచ్చి మూడు దిక్కుల వెలుతురును గదిలోకి తెచ్చే కిటికీలు. మెట్ల మలుపులో రంగుటద్దాలు. ఏ రెండు పక్కలూ ఒక్కలా ఉండవు. మన వాస్తు సిద్ధాంతులెవరైనా చూస్తే తల పట్టుకుని కూర్చుంటారు. ఉత్తరాన గుర్రపు బగ్గీ వచ్చి ఆగేందుకు కప్పు వేసిన చావడి, అందులో బగ్గీలోంచి నేరుగా అడుగు వేయడానికి వీలుగా వరండా ఎత్తున కట్టిన రాతి అరుగు ఉన్నాయి. ఈ అరుగును గుర్తుంచుకోండి, దానితో తరువాత పని పడుతుంది.

నగర ప్రభుత్వం ఈ భవనాన్ని రక్షిత కట్టడంగా ప్రకటించింది. అంటే దాని ఒంటి మీద ఒక్క మేకు కొట్టాలన్నా, ఒక్క చెక్క మార్చాలన్నా వారసత్వ కమిషన్ అనుమతి ఉండాలి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. కట్టిన ఇంటిని, దాని రూపం చెదరకుండా, కమిషన్ కళ్ళముందు బాగుచేసి చూడమని అనలేదు. అనడానికి వారికి శశికళ గారు తెలియదు.

ఆమె పని తీరు మా అందరికీ మొదట్లో నవ్వు తెప్పించింది. పాత ఇంటిని పరిశీలించడానికి వెళితే వరండాలోనే చెప్పులు విడిచేవారు. ఇంటి లోపల చెప్పులేమిటి, అసహ్యంగా, అన్నది ఆమె వాదం. కాంట్రాక్టర్లు ఇనుపముక్కు బూట్లతో ధడధడమని తిరుగుతుంటే ఈవిడ వట్టి కాళ్ళతో గది గదీ నెమ్మదిగా నడిచేవారు. ఒకనాడు ఆల్డెన్ విల్లా భోజనాల గదిలో ఉన్నట్టుండి ఆగి, "ఇక్కడ మెత్తగా ఉంది" అన్నారు. కంటికి ఏమీ కనిపించలేదు. నేల పలక తీసి చూస్తే కింది దూలం సగానికి పైగా పుచ్చిపోయి ఉంది. ఆ తరువాత కాంట్రాక్టర్లు కూడా బూట్లు విప్పడం మొదలుపెట్టారు. పని జరిగే రోజుల్లో మాత్రం నియమం ప్రకారం ఆమే అందరికంటే ముందు బూట్లు తొడిగేవారు. ఆ విషయంలో మినహాయింపు ఎవరికీ ఇచ్చేవారు కారు, తనకు కూడా.

2001లో పునాది పని మొదలైంది. నాటి ఇటుక పునాది భూకంపానికి ఆగేది కాదు. అంతటి భవనాన్ని జాకీల మీద కొద్దికొద్దిగా పైకి లేపి, కింద కొత్తగా కాంక్రీటు పోసి, మళ్ళీ దాని మీద దించి బిగించారు. మనవాళ్ళు పునాది వేసి ఇల్లు కడతారు, శశికళ గారు ఇల్లు ఉండగా పునాది వేశారు. మెట్ల మలుపులోని ఆ రంగుటద్దాలలో ఒక్కటీ బీట వారలేదు. ఇల్లు దిగిన సాయంత్రం వీరభద్రరావు గారు, శశికళ గారు ముందు మెట్ల మీద కూర్చుని ఫ్లాస్కులోని టీ తాగారు. "ఈ గుమ్మంలోంచి లోపలికి వెళ్ళినప్పుడల్లా ఈ పూట గుర్తొస్తుందమ్మా" అని ఆయన అనడం పక్కనే ఉన్న నేను విన్నాను. సామాన్యంగా మెచ్చుకోని మనిషి. శశికళ గారు టీ తాగడం ఆపి అటు తిరిగిపోయారు.

2006లో ఆ ఇల్లు ప్రజలకు తెరుచుకుంది. నగరం నుంచి దానిని అద్దెకు తీసుకున్న సాంస్కృతిక ట్రస్టు కింది అంతస్తులో గ్రంథాలయం, పై గదుల్లో సంగీతం, నాట్యం, తెలుగు తరగతులు పెట్టింది. ఇక్కడే ఒక ఉదంతం చెప్పుకోవాలి, అభినందన వ్యాసానికి ఒక ఉదంతం లేకపోతే చదివేవారు ఊరుకోరు.

ప్రారంభోత్సవం నాటి ఉదయాన ట్రస్టు అధ్యక్షురాలు రాగిణి గారు అందరికంటే ముందు వచ్చారు. కొత్తగా ఇంట్లో అడుగుపెడుతున్నాం, గడప బోసిగా ఉంటే బాగుంటుందా అనుకున్నారు. చక్కగా పసుపు ముద్ద కలిపి, నూరేళ్ళు దాటిన ఆ రెడ్‌వుడ్ గడపకు ఈ చివరి నుంచి ఆ చివరికి దట్టంగా పట్టించి, కుంకుమ బొట్లు పెట్టారు. నిజానికి ఎంతో అందంగా ఉంది. కాసేపటికి వారసత్వ కమిషన్ అధికారిణి కారల్ డోర్న్ గారు తుది తనిఖీకి వచ్చి, గడప దగ్గర నిలబడిపోయారు.

"దీనికి పెయింట్ ఎవరు వేశారు?" అని ఇంగ్లీషులో అడిగారు. ఆ గొంతు విని నేను వంటింట్లోకి తప్పుకున్నాను.

రాగిణి గారికి ముచ్చెమటలు పట్టాయి. "అయ్యో శశి గారూ, నేను థింక్ చేయలేదండీ. గడప కదా అని పెట్టేశాను. ఇప్పుడు ఓపెనింగ్ క్యాన్సిల్ చేస్తారా?"

"మీరేం కంగారుపడకండి. గడపకి పసుపు పెట్టకపోతే ఇంకెక్కడ పెడతారు?" అని ఆమెకు చెప్పి, శశికళ గారు అధికారిణి వైపు తిరిగారు. అది పెయింట్ కాదు, వంటల్లో వేసుకునే పసుపు. దాని రంగు ఎండకు నిలవదు. తూర్పు గుమ్మం కనుక తలుపు తెరిచి ఉంచితే ఎండే తీసేస్తుంది. తడిగుడ్డతో రుద్దితేనే చెక్క లోపలికి ఇంకుతుంది, కాబట్టి దయచేసి ఎవరినీ రుద్దనివ్వవద్దు, అని ఇంగ్లీషులో నింపాదిగా వివరించారు. "అలా కాకపోతే?" అన్నారు డోర్న్ గారు. "అలా కాకపోతే నా లైసెన్సు మీ దగ్గర పెడతాను" అన్నారు ఈవిడ.

ప్రారంభోత్సవం జరిగింది. ఆ పైన పొద్దున్నే వచ్చి తలుపు బార్లా తెరవడం శశికళ గారి నిత్యవిధి అయింది. నెల తిరిగేసరికి పసుపు పోయింది. ఎడమ మూలన ఒక్క కుంకుమ బొట్టు మాత్రం లేత గులాబీ రంగులో ఉండిపోయింది. అది నేటికీ ఉంది. డోర్న్ గారు దానిని చూసి చూడనట్టు పోతారు.

అంతటితో ఊరుకుంటే ఆవిడ శశికళ గారు ఎందుకవుతారు? మరుసటి పండగకల్లా గడప మీద అతికినట్టు కూర్చునే పలచటి రెడ్‌వుడ్ పలక ఒకటి చేయించారు. మేకు లేదు, జిగురు లేదు. పండగ పూట పెట్టుకుని, పసుపు రాసుకుని, మర్నాడు తీసి లోపల పెట్టుకోవచ్చు. మేము దానికి పసుపు పలక అని పేరు పెట్టాం. రక్షిత కట్టడానికి మనం ఏది చేర్చినా రేపు తీసేస్తే ఇంటి మీద గుర్తు మిగలకూడదన్నది మా వృత్తి ధర్మం. పుస్తకాల్లో మేమందరం చదివాం. ఆచారాన్నీ ధర్మాన్నీ ఒక్క పలక మీద కూర్చోబెట్టినవారు శశికళ గారు.

2012లో ఆమె సంస్థలో భాగస్వామి అయ్యారు. శాంటా క్రూజ్ మొదలుకొని శాక్రమెంటో వరకు ఎన్నో పాత ఇళ్ళు ఆమె పాదాలు సోకి బాగుపడ్డాయి. వాటన్నిటి గురించీ ఇంగ్లీషు వ్యాసాల్లో ఉంది, బొమ్మలు కూడా వేశారు. ఆమె కారు డిక్కీలో నిత్యం మూలుగుతూ ఉండే పాత ఇత్తడి తలుపు బందుల సంగతి, 880 హైవే మీద ఆమె కారు నడిపే వేగం సంగతి ఎవరూ రాయలేదు. నేనూ రాయను, వెనక కూర్చుని ప్రయాణించినవారికి తెలుసు.

2019లో వీరభద్రరావు గారికి పక్షవాతం వచ్చింది. మాట దక్కింది, కుడికాలు దక్కలేదు. ఆల్డెన్ విల్లాలో ఏ కార్యక్రమం జరిగినా మొదటి వరుసలో ఉండే మనిషి రావడం మానేశారు. వెనక వంటింటి వైపు సరుకుల బళ్ళు ఎక్కించడానికి వాలుబల్ల ఒకటి ఉంది. అటు నుంచి రండి సర్, మేము తోసుకెళతాం అని నేను ఒకసారి అన్నాను.

"దొడ్డిగుమ్మంలోంచి సరుకులు వెళతాయి దివాకర్. నేను సరుకుని కాదు" అన్నారాయన.

ఆ మాట శశికళ గారికి చేరవేసింది నేనే. ఆమె మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నాలుగో రోజు, "ఆ ఇంటిని అందరి కోసం ఓపెన్ చేశాం అనుకున్నాం. మెట్లు ఎక్కగలిగినవాళ్ళ కోసం చేశామండీ, అంతే" అన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెద్దాయన ఆ ఇంటిని మళ్ళీ చూడకుండానే పోతారేమోనన్న భయం ఆ రోజు నుంచి ఆమెను వదలలేదని నాకు తెలుసు. మా అందరికీ ఉన్న భయమే అది, పైకి అనలేదు.

ముందు మెట్ల పక్కన కటకటాన్ని కోసి వాలుదారి వేద్దామని మొదట గీశారు. కమిషన్ కాదనేలోపే ఆమే కాగితం చించేశారు, ఆ కటకటం కోస్తే ఇంటి ముఖం పోతుందని. మెట్ల పక్కన లిఫ్టు పెడదామన్నది రెండో ఆలోచన. అది ముందు కిటికీని కప్పేస్తుందని కమిషన్ తిరస్కరించింది. అప్పటికి మొదటి పదవీ విరమణ తేదీ వచ్చింది. మేము కేకు తెచ్చిన పూట ఆమె విరమణ పత్రం వెనక్కి తీసుకున్నారు. మరుసటి ఏడాది మళ్ళీ అదే జరిగింది. ఈసారి కేకు మేము ముందుగా చెప్పలేదు, అనుభవం నేర్పింది.

పోయిన సంవత్సరం వర్షాకాలంలో ఒక మధ్యాహ్నం ఆమె నన్ను విల్లాకు రమ్మన్నారు. ఉత్తరపు చావడిలో, ఆ రాతి అరుగు మీద, చెప్పులు లేకుండా నిలబడి ఉన్నారు. నిలువునా తడిసి ఉన్నారు.

"దివాకర్ గారూ, ఇక్కడి నుంచి ముందు గుమ్మం దాకా నడిచి చూడండి."

నడిచాను. అరుగు మీంచి వరండా, వరండా మీంచి గుమ్మం. ఎక్కడా మెట్టు లేదు.

"గుర్రబ్బగ్గీలో వచ్చినవాళ్ళు మెట్లెక్కకుండానే ముందు గుమ్మంలోంచి వెళ్ళేవాళ్ళండీ. ఇల్లు ఎప్పుడో దారి పెట్టుకుంది. మనమే మెట్ల దగ్గర కొట్టుకుంటున్నాం. ఇంటిని కోయడం ఎందుకు, నేలనే పైకి తెద్దాం."

ఆమె గీసినది ఇది. తోటలో దూరం నుంచి నేలను తెలియనంత మెల్లగా ఎత్తుచేస్తూ, గడ్డి పరిచిన మట్టి దారిని అరుగు ఎత్తుకు తీసుకురావాలి. ఆ దారి ఇంటిని తాకకూడదు, తేమ చేరకుండా బెత్తెడు ఖాళీ వదిలి, దాని మీద ఒక లోహపు పలక ఊరికే పరవాలి. గుమ్మం దగ్గరేమో రెండు పక్కలా వాలుగా కోసిన కొత్త పసుపు పలక, చక్రం ఒక పక్క ఎక్కి మరో పక్క దిగడానికి. కమిషన్ విచారణలో ఒక సభ్యుడు అడిగారు, ఎప్పుడైనా ఇది వద్దనుకుంటే ఏం చేస్తారని. "మట్టి తీసేస్తే చాలు. వచ్చిందని గాని, పోయిందని గాని ఇంటికి తెలియదు" అన్నారు శశికళ గారు. అందరికంటే ముందు చెయ్యెత్తినవారు కారల్ డోర్న్ గారు. పసుపు ఎండకు పోయిందని ఆవిడ మర్చిపోలేదు.

ఈ ఏప్రిల్‌లో, ఒక ఆదివారం ఉదయం, వీరభద్రరావు గారు వచ్చారు. నేను కుర్చీ తోశాను. గడ్డి దారి మీంచి అరుగు, అరుగు మీంచి వరండా. గుమ్మం ముందు ఆయన చెయ్యెత్తి ఆగమన్నారు. తన కాళ్ళ వైపు చూసుకున్నారు. బూట్లు బిగించి ఉన్నాయి, విప్పడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

"చెప్పులు విడవకుండా ఎలా అమ్మాయ్?" అన్నారు.

శశికళ గారు ముందు ఆయన పాదాల దగ్గర కూర్చుని బూట్లు విప్పారు. తరువాత లోపలికి వెళ్ళి తడిగుడ్డ తెచ్చి, కుర్చీ చక్రాలను ఒక్కొక్కటిగా, తోట మన్ను పోయేదాకా తుడిచారు. "ఇప్పుడు రండి సర్" అన్నారు. చక్రం పసుపు పలక ఎక్కింది, దిగింది. ఆయన లోపల మెట్ల మలుపులోని రంగుటద్దాలను ఒక్కొక్కటిగా చూశారు. చివరికి, "టీ ఉందా?" అన్నారు. ఫ్లాస్కు ఆమె సంచిలోనే ఉంది. మేమందరం ఏడ్చాం, రాయడానికి నాకేమీ సిగ్గు లేదు. ఆ మర్నాడే ఆమె విరమణ పత్రం ఇచ్చారు, ఈసారి వెనక్కి తీసుకోలేదు.

ఈ వ్యాసం రాస్తున్నానని తెలిసి శశికళ గారు నా బల్ల దగ్గరికి వచ్చారు. "ఎక్కువ రాయకండి దివాకర్ గారూ. నేనూ ఈ ఆఫీసుకి మధ్యలో చేర్చినదాన్నే కదా. తీసేస్తే గుర్తు మిగలకూడదు" అన్నారు. అమ్మా, మీ వృత్తి జీవితం మొత్తంలో ఈ ఒక్క పనే మీరు చెడగొట్టారు. మన ఆఫీసులో ఇవాళ ఎవరూ చెప్పులతో లోపలికి రావడం లేదు. కొత్తగా చేరిన పిల్లలు గోడ కనిపిస్తే వేలి కణుపుతో కొడుతున్నారు. గడప మూలన ఆ కుంకుమ బొట్టులాగా మీరూ ఎంత ఎండకూ పోరు.

శశికళ గారూ, రాజీవ్ గారితోను, గీతాంజలి కుటుంబంతోను మీరు ఆయురారోగ్యాలతో, మనశ్శాంతితో వర్ధిల్లాలని మన కార్యాలయం పక్షాన మనసారా ఆకాంక్షిస్తున్నాను. ఫ్రిస్కోలో అమ్మాయి దగ్గర ఎన్నాళ్ళున్నా, ఆ గోడలను క్షమించి, ఏటా ఆల్డెన్ విల్లాకు రండి. నిండు నూరేళ్ళూ ఆ ముందు మెట్లు మీరు చకచకా ఎక్కి రావాలి. ఎప్పుడో ఒకనాడు మోకాళ్ళు మొరాయిస్తే దిగులు పడకండి, ఉత్తరం వైపు మీరు వేసిన దారి ఉంది. ఆ రోజు చక్రాలు తుడిచే గుడ్డ పట్టుకుని గుమ్మం దగ్గర నేను నిలబడి ఉంటాను.

భవదీయుడు,
దివాకర్